నెట్టక్క వసూళ్ళు

మా వదినకు తలుపు కొట్టడం వచ్చు. ఇదీ ఒక విద్యేనా అని మూతి విరవకండి. నేను కొడితే అప్పులవాళ్ళెవరో వచ్చారనుకుని లోపల టీవీ కట్టేసి ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. మా అన్నయ్య కొడితే అసలు వినపడనే వినపడదు. వదిన కొడితే మాత్రం "ఆ, వస్తున్నా, వస్తున్నా" అంటూ చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు బార్లా తీస్తారు. తీసి, బిల్లు సంగతి తర్వాత, ముందు ఇంట్లో సంగతులన్నీ చెబుతారు. ఆవిడ అన్నీ వింటుంది. అదేం ఓపికో నాకు ఈ జన్మకు అర్థం కాదు.

మాది ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే చిన్న వ్యాపారం. పైనున్న పెద్ద సంస్థ దగ్గర లైను టోకున కొనుక్కుంటాం, మా పేటలో ఇంటింటికీ వైరు లాగి ఇస్తాం, నెలకోసారి బిల్లు వసూలు చేసుకుంటాం. తాళంచెవులు చేసే దుకాణం మీద ఒక గది, అదే మా ఆఫీసు. ఒక గోడకు ఆకుపచ్చ దీపాలు మిణుకుమిణుకుమనే పెట్టెలు, ఇంకో గోడకు చుట్టలు చుట్టిన వైర్లు, మధ్యలో నా బల్ల, నా ఫోను. కింద తాళాలాయన ఆకురాయి పెట్టి గీస్తుంటే పైన నాకు పళ్ళు పులిసిపోతాయి. మనుషులం ముగ్గురమే. అన్నయ్య, వదిన, నేను.

అన్నయ్య నోట్లో నాలుక లేని మనిషి. ఎంత ఎత్తు స్తంభమైనా కోతిలా ఎక్కేస్తాడు గానీ, ఒక గుమ్మం ముందు నిలబడి "బిల్లండీ" అనమంటే చెమటలు పడతాయి. పెళ్ళయిన కొత్తలో ఎవరో కాంట్రాక్టరు దగ్గర వైర్లు లాగేవాడు. "ఇంకొకరి వైర్లు ఎన్నాళ్ళు లాగుతారండీ? మనవి మనం లాగుకుందాం" అన్నది వదినే. ఒక్కో మెట్టూ ఎక్కి, ఒక్కో తలుపూ కొట్టి, ఒక్కో కనెక్షనూ తెచ్చింది. మొదటి కస్టమరు కింద తాళాలాయన. రెండో కస్టమరు తాళాలాయన మరదలు. మూడో వాడు ఆ మరదలితో మాట పట్టింపు ఉన్న పక్కింటాయన, ఆవిడ కంటే తనకు స్పీడు ఎక్కువ ఉండాలన్న షరతు మీద. అలా మొదలై పేటలో సగం మాదే అయింది. వదిన పేరేమిటో ఇక్కడ చాలామందికి తెలీదు. నెట్టక్క అంటే చాలు.

పదిహేనేళ్ళు ఎక్కితే ఇనప మెట్లయినా అరుగుతాయి, ఇక మోకాళ్ళెంత? మా పేటలో అన్నీ నాలుగంతస్తుల బిల్డింగులే, లిఫ్టున్నది ఒక్కటీ లేదు. పోయినేడాది ఒక పొద్దున మూడో అంతస్తులో వదిన కాలు కదలక మెట్ల మీదే కూలబడింది. ఇద్దరు పట్టుకుని కిందికి దించారు. డాక్టరు ఫోటో తీయించి, దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "మెట్లు కావాలో మోకాళ్ళు కావాలో తేల్చుకోండమ్మా" అన్నాడు.

గోరుచుట్టు మీద రోకలి పోటులాగా సరిగ్గా అప్పుడే దిగాడు టైబాబు. ఆయన అసలు పేరు కార్డు మీద ఉంది గానీ, ఎండాకాలంలో కూడా మెడకు టై బిగించుకుని తిరుగుతాడని నేనే ఆ పేరు పెట్టాను. మాకు పోటీగా వచ్చిన పెద్ద కంపెనీ మనిషి. మా కుర్చీలో కూర్చుని, మా టీ తాగి, మా వ్యాపారాన్నే కొంటానన్నాడు.

"మీ కనెక్షన్లన్నీ మా పేరు మీదకు మార్చేయండి. సార్‌కి మా దగ్గర ఉద్యోగం. ఈ మేడమ్‌కి కావాలంటే కాల్ సెంటర్లో చూద్దాం" అన్నాడు, నన్ను చూపిస్తూ.

"మరి నాకూ?" అంది వదిన.

"మీకెందుకమ్మా ఇంకా ఈ తిరుగుడు? హాయిగా ఇంట్లో విశ్రాంతి తీసుకోండి."

తప్పుడు మాటేం కాదు, మర్యాదగానే అన్నాడు. కానీ వదిన మొహం వాడిపోయింది. ఆయన మెట్లు దిగిపోయాక చాలాసేపు కిటికీలోంచి ఎదురు బిల్డింగుల వైపు చూస్తూ కూర్చుంది. "నేను వసూళ్ళకు వెళ్ళకపోతే ఇక నేనెవర్నే అమ్మాయ్?" అంది నాతో. నాకు ఒళ్ళు మండింది. "డబ్బుకి కాళ్ళు లేవా ఏం? నువ్వు దాని దగ్గరికి పోవడమెందుకు, దాన్నే నీ దగ్గరికి రప్పిద్దాం" అన్నాను. ఆ మాట మీదే మా ఇంట్లో వేట మొదలైంది. ఏ దారిన రప్పించాలి?

ముందు స్వైపింగ్ మెషిన్ చూశాం. బ్యాంకు తరఫున ఒకతను అరచేతిలో పట్టేంత యంత్రం తెచ్చి బల్ల మీద పెట్టి, నెలకింత అద్దె, కార్డు గీసినప్పుడల్లా ఇంత కోత, డబ్బులు రెండు రోజులకు పడతాయి అని చదివాడు.

"నా డబ్బు నాకు రావడానికి రెండు రోజులెందుకు బాబూ? నడిచొస్తుందా?" అంది వదిన.

అతను నవ్వాడు గానీ వదిన నవ్వలేదు. "సరే, దీన్ని నాలుగో అంతస్తుకు ఎవరు మోసుకెళ్ళాలి? దీనికి కాళ్ళుంటే చెప్పు, ఇప్పుడే కొంటా." కాళ్ళు లేవు కాబట్టి యంత్రం వచ్చిన దారినే పోయింది.

తర్వాత మందుల షాపాయన్ని అడిగాం, ఎటూ గల్లాపెట్టె దగ్గరే ఉంటాడు గదా, మా బిల్లులు కూడా తీసుకుంటాడేమో అని. కమీషన్ మాట్లాడుకుని ఒప్పుకున్నాడు. వారం తిరక్కుండానే ఒకావిడ ఆయాసపడుతూ ఆఫీసుకొచ్చింది. "నెట్టు బిల్లు కడదామని మందుల షాపులో నిలబడితే, మా ఆయనకేదో పెద్ద జబ్బు చేసిందని వీధంతా చెప్పుకుంటున్నారు. పరామర్శకు కూడా వచ్చారమ్మా! ఆయన మంచానపడి ఉండాల్సింది పోయి లుంగీ కట్టుకుని తలుపు తీసేసరికి వచ్చినవాళ్ళే నిరాశపడ్డారు." ఆ దారీ మూసుకుంది.

ఆ తర్వాత స్కానర్. ఫోనుతో స్కాన్ చేస్తే డబ్బు నేరుగా మా ఖాతాలో పడే బొమ్మ. అన్నయ్య ప్రతి బిల్డింగు గుమ్మంలోనూ ఒకటి అతికించి వచ్చాడు. ఆహా, డబ్బులు టింగుటింగుమని పడ్డాయి. చిక్కల్లా, పడింది ఎవరి డబ్బో తెలిసి చావదు. ఒకరు అల్లుడి ఫోనులోంచి వేస్తారు, ఒకరు పక్కింటావిడ ఫోనులోంచి వేస్తారు. ఎవరి అల్లుడి పేరు ఏమిటో నేనేమన్నా జాతకాలు చూస్తానా? కట్టలేదనుకుని క్షురకుడి లైను కట్ చేయించాను. ఆయన పట్టుకున్న కత్తి పట్టుకున్నట్టే మా ఆఫీసు మెట్లెక్కి వచ్చేశాడు. వెనకాలే ఒక చెంపకు నురగ, ఒక చెంప నున్నగా ఉన్న మనిషొకడు మెడ చుట్టూ గుడ్డతో పరిగెత్తుకొచ్చి, "కట్టింది నేనేనండీ, బావమరిదిని. మా బావది కట్టా. లైను ఇచ్చేయండి, నా రెండో చెంప గీయనంటున్నాడు" అని బతిమాలాడు.

వదిన పడీ పడీ నవ్వింది. మోకాలు పట్టుకుని మరీ నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఇది కూడా కుదరదే" అంది.

మిగిలింది ఆటో కట్. కస్టమరు ఒక్కసారి కాగితం మీద సంతకం పెడితే చాలు, ప్రతి నెలా ఒకటో తారీఖున వాళ్ళ బ్యాంకులోంచి బిల్లు దానంతటదే మాకు వచ్చేస్తుంది. పేరు తప్పదు, లెక్క తప్పదు, ఎవరూ ఎవరి మొహమూ చూడక్కర్లేదు. నాకైతే స్వర్గం కనపడింది. సంతకాల కోసం మాత్రం వదినే ఎక్కాల్సొచ్చింది. "ఇదే ఆఖరి ఎక్కుడు" అని మోకాలికి పట్టీ బిగించుకుని, ఒక్కో మెట్టు మీదా ఆగుతూ నెల పొడుగూతా తిరిగింది. ఆటో కట్ అంటే ఏమిటో చాలామంది అడగను కూడా అడగలేదు. "నువ్వు పెట్టమంటున్నావుగా నెట్టక్కా" అని పెట్టేశారు. ఒప్పుకోనివాళ్ళు కొందరుంటే, వాళ్ళు ఆఫీసుకే వచ్చి కట్టిపోతామన్నారు.

ఒకటో తారీఖు వచ్చింది. వదిన స్టూలు మీద కాళ్ళు బారచాపుకుని కూర్చుంది. పొద్దున్నే డబ్బంతా ఒక్క దెబ్బన వచ్చి పడింది. పదిహేనేళ్ళలో మొదటిసారి, వసూళ్ళ రోజున వదిన మధ్యాహ్నం నిద్రపోయింది. అన్నయ్య చప్పుడు కాకుండా ఆమె మీదికి ఫ్యాను తిప్పి పెట్టాడు. నా ఫోను కూడా చాలా నిమ్మళంగా ఉంది. ఫోను మోగలేదంటే అంతా సవ్యంగా ఉన్నట్టేగా? టైబాబుకు ఫోన్ చేసి, అమ్మే ఉద్దేశం లేదని నేనే చెప్పేశాను, కాస్త పెద్ద గొంతుతోనే.

ఇల్లు అలకగానే పండగ కాదని ఊరికే అన్నారా!

రెండో నెలలో పెట్టెలు వెనక్కి రావడం మొదలైంది. కనెక్షన్ ఇచ్చినప్పుడు ప్రతి ఇంటికీ మేమో రూటర్ పెట్టె ఇస్తాం, వద్దనుకుంటే తెచ్చి ఇచ్చేయాలి. ముందు ఒకటి వచ్చింది. తర్వాత రెండు. తర్వాత నా బల్ల కింద కాళ్ళు పెట్టుకునే చోటు లేకుండా పోయింది. ఎందుకు మానేస్తున్నారండీ అంటే ఒక్కరూ సూటిగా చెప్పరు. "ఊరికేనమ్మా." "పిల్లలు అటే కావాలన్నారు." "ఇల్లు మారుతున్నాం." ఇల్లు మారుతున్నామన్నాయన సాయంత్రం అదే బాల్కనీలో బనియన్ మీద నిలబడి మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు! గోడకు టైబాబు కంపెనీ కొత్త పెట్టె.

మూడో నెలలో టైబాబు మళ్ళీ వచ్చాడు. ఈసారి టీ కూడా ముట్టలేదు. నా బల్ల కింద ఒక చూపు చూసి, "నెలాఖరు దాకా ఆగుతానమ్మా. కనెక్షన్లు ఇలా తగ్గుతుంటే ఆ తర్వాత మా వాళ్ళు కొనడానికి కూడా ఒప్పుకోరు" అన్నాడు.

వదిన అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య నేల వైపు చూశాడు. "సరే బాబూ, నెలాఖరున కాగితాలు తెండి. సంతకం పెడతా" అంది. అంత నెమ్మదిగా వదిన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. ఆ రోజు ఫోన్ చేసినవాళ్ళందరి మీదా అరిచాను. పాపం, ఫోన్ చేసింది ఇద్దరే.

ఆ వారంలోనే కుట్టుమిషనావిడ వచ్చింది. మూడో బిల్డింగులో రెండో అంతస్తు, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మెడలో టేపు వేలాడుతూనే ఉంది. సంచిలోంచి మా పెట్టె తీసి, తుడిచి, వైరు చక్కగా చుట్టి మరీ నా బల్ల మీద పెట్టింది. వదినకు ఆవిడంటే ఇష్టం. పెట్టె చూడగానే లేచి నిలబడలేక, కూర్చున్న చోటు నుంచే చెయ్యి చాపింది.

"నువ్వు కూడానా?" అంది.

కుట్టుమిషనావిడ తలెత్తలేదు. "ఏం చెయ్యమంటావక్కా. మధ్యాహ్నం నీళ్ళ మోటార్ వేసినప్పుడల్లా నెట్టు ఆగిపోతోంది. కొత్త మోడళ్ళు ఫోన్లో చూసుకునే కుడతాను గదా. సగం జాకెట్టు కుట్టాక బొమ్మ తిరుగుతూనే ఉంటుంది, తిరుగుతూనే ఉంటుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు నెలలయింది."

నేనూరుకుంటానా! "మూడు నెలల నుంచి నోట్లో ఏం పెట్టుకున్నావమ్మా? ఈ ఫోను ఇక్కడ ఉన్నది దేనికి? ఒక్క ఫోన్ కొడితే మా అన్నయ్య వచ్చి చూసేవాడు కాదూ?"

ఆవిడ నా వైపు తెల్లబోయి చూసింది. "ఫోన్ చేసి చెప్పేంత పెద్ద సంగతా? ఫోన్ చేస్తే దెబ్బలాటకు వచ్చినట్టుంటుంది. అక్క ఎలాగూ బిల్లుకు వస్తుంది గదా, అప్పుడు చెబుదామనుకున్నా. ఆ నెల అక్క రాలేదు. పోనీ వచ్చే నెల చెబుదామనుకున్నా. వచ్చే నెలా రాలేదు." అప్పుడు వదిన వైపు తిరిగింది. "డబ్బులైతే ఠంచనుగా పోతున్నాయి. మనిషి మాత్రం రావడం లేదు. ఇక మాతో పని లేదేమో అనుకున్నానక్కా."

వదిన రెండు చేతులతో మొహం కప్పుకుంది. తర్వాత ఆ పెట్టెను తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "మా ఆయన్ని ఇప్పుడే పంపిస్తా. బాగయితే ఉంచుకో. కాకపోతే రేపు నువ్వే తెచ్చి నా నెత్తిన కొట్టు" అంది.

చూస్తే ఏముంది, మెట్ల కింద మోటార్ స్విచ్ పక్కనే ఉన్న మా వైర్ల డబ్బాలో ఒక జాయింటు వదులైంది. మోటార్ అదిరినప్పుడల్లా అది ఊగిసలాడుతోంది. అన్నయ్య పావుగంటలో బిగించి వచ్చాడు. ఆ బిల్డింగులోంచి మానేసిన నలుగురూ ఆ ఒక్క జాయింటు వల్లే మానేశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, వీళ్ళేమో అమ్మ వచ్చి అడిగితేనే చెబుతామని పంతం పట్టి కూర్చున్నారు.

అప్పటికి గానీ మాకు బుర్రకెక్కలేదు. వదిన ఇన్నేళ్ళూ మెట్లెక్కింది బిల్లు కోసమే అని మేమూ అనుకున్నాం, ఆవిడా అనుకుంది. గుమ్మంలో చిల్లర వెతుక్కుంటూ వాళ్ళు యథాలాపంగా "మొన్న వాన పడ్డప్పుడు కాసేపు ఆగిందక్కా" అనేవాళ్ళు. వదిన ఇంటికొచ్చి అన్నం తింటూ "రేపు ఆ బిల్డింగు మీద వైరు చూడండీ" అనేది. అంతే, అదే మా ఫిర్యాదుల విభాగం. దాన్ని మేమే ఆటో కట్ పెట్టి మూసేసుకున్నాం.

సరే, చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం, కనీసం మంట తగ్గుతుంది. మర్నాటి నుంచి నేను ఒక్కొక్కరికే ఫోన్ చేశాను. తేనె పూసిన గొంతుతో, ఒట్టు, "నెట్టు ఎలా ఉందండీ?" అని అడిగాను. అందరూ ఒకటే మాట. "బాగుందండీ." బాగుందని చెప్పిన ఇంటి నుంచే సాయంత్రం పెట్టె వచ్చింది. ఆ పెట్టె తెచ్చినాయన్ని నేనేమన్నానో ఇక్కడ రాయను.

అన్నయ్యను ఇళ్ళకు పంపాం. ఒక గుమ్మంలో ఆయన నిలబడగానే, "డబ్బులు బ్యాంకులో కట్ అయ్యాయిగా, మళ్ళీ ఎందుకొచ్చావు బాబూ?" అన్నారట. ఈయన నీళ్ళు నమిలాడు. వాళ్ళకు అనుమానం వచ్చి గొలుసు పెట్టి తలుపు వేసుకున్నారు. బిల్లు అనే వంక లేకుండా తలుపు కొడితే జనానికి భయం. ఊరికే బాగోగులు అడగడానికి వచ్చిన వ్యాపారిని ఎవరు నమ్ముతారు చెప్పండి! నేనైనా నమ్మను.

"నేనే ఎక్కుతా" అని లేచింది వదిన.

"ఎక్కు, ఎక్కి మళ్ళీ మెట్ల మీద కూలబడు. ఈసారి మోసుకురావడానికి నేను రాను" అని అరిచాను. అన్నయ్య, మా నోరు లేని అన్నయ్య, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "వద్దు" అన్నాడు. ఒక్క మాటే. వదిన కూర్చుంది. మోకాలి పట్టీ విప్పి మళ్ళీ బిగించుకుంది. తర్వాత, "మెట్లు ఎక్కొద్దన్నాడు గానీ డాక్టరు మెట్ల కింద కూర్చోవద్దనలేదుగా?" అంది.

అదీ వదిన ఎత్తు. ప్రతి బిల్డింగుకూ నెలకో సాయంత్రం. మెట్ల కింద మడత కుర్చీ, చిన్న బల్ల. నోట్లిచ్చేవాళ్ళు ఇవ్వొచ్చు. స్కానర్ బల్ల మీదే ఉంటుంది, ఎవరి అల్లుడి ఫోనైనా సరే, కట్టినవాళ్ళు ఎదురుగానే ఉంటారు కాబట్టి పేరు అప్పుడే రాసుకుంటాం. కార్డున్నవాళ్ళకు ఆ కాళ్ళు లేని యంత్రాన్ని అద్దెకు తెప్పించాం, ఇప్పుడు దాన్ని ఎక్కడికీ మోయక్కర్లేదు. ఆటో కట్ వాళ్ళది అలాగే ఉంచాం.

"అంతా బాగానే ఉంది. ఆటో కట్ వాళ్ళు ఎందుకు దిగొస్తారు?" అన్నాను నేను. మా కస్టమర్లలో ముప్పాతిక మంది వాళ్ళే. "కట్టాల్సిందేమీ లేనప్పుడు పని మానుకుని ఎవరొస్తారు వదినా?"

"రాకపోతే సంతకం పెట్టేస్తా. రేపు పొద్దున కాగితాలు తెస్తానన్నాడుగా. ఈ ఒక్క సాయంత్రం కూర్చుని చూస్తా. మనుషులు దిగొస్తే వ్యాపారం ఉంటుంది. దిగి రాకపోతే మనం వాళ్ళకు ఒట్టి బిల్లులమే. అప్పుడు ఎవరి బిల్లయితే ఏం?"

ఎక్కువ పెట్టెలు వెనక్కి వచ్చిన బిల్డింగునే ఎంచుకుంది. సుబ్బరంగా గెలిచే చోట మొదలుపెట్టొచ్చుగా అంటే వినదు. పొద్దు వాలుతుండగా నేనూ అన్నయ్యా బల్లా కుర్చీ మోసుకెళ్ళి మెట్ల కింద వేశాం. వదిన జుట్టు నున్నగా దువ్వుకుంది. ఉతికిన చీర కట్టుకుంది. యంత్రం, స్కానర్, చిల్లర డబ్బా వరసగా పెట్టుకుని కూర్చుంది. అన్నయ్య నిచ్చెన పక్కన నిలబడ్డాడు.

ఆఫీసుల నుంచి జనం వస్తున్నారు. "ఏం నెట్టక్కా, ఇక్కడ కూర్చున్నావు?" అని పలకరించి, జవాబు వినకుండానే పైకి పోతున్నారు. ఒకాయన వచ్చి నోట్లిచ్చి, మారు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఒకమ్మాయి స్కాన్ చేసి చెవిలో పాట తీయకుండానే పోయింది. కట్టాల్సినవాళ్ళు కట్టారు. అంతే. తర్వాత మెట్లు ఖాళీ. పై అంతస్తుల్లో గిన్నెల చప్పుడు, ఎవరో పిల్లాడు ఎక్కాలు అప్పజెబుతున్న గొంతు. వదిన మెట్ల వైపే చూస్తోంది. నాకు ఆ మెట్లను పట్టుకుని కుదిపేయాలనిపించింది.

"పోదాం పద వదినా" అన్నాను. "చీకటి పడుతోంది."

"ఇంకాసేపు" అంది. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

అప్పుడు పైనుంచి చెప్పుల చప్పుడు. రెండో అంతస్తు టీచరమ్మ. ఆటో కట్ కాగితం మీద మొట్టమొదట సంతకం పెట్టింది ఈవిడే. బల్ల దాకా వచ్చి, ఒట్టి చేతులు చూపించింది.

"నాది బ్యాంకులో కట్ అయిపోయిందమ్మా. కట్టాల్సిందేం లేదు."

"తెలుసండీ" అంది వదిన.

"లేదనుకో... కిందే ఉన్నావు గదా అని దిగొచ్చా. ఒక మాట చెప్పొచ్చా?"

"చెప్పండి. కూర్చుని చెప్పండి" అని వదిన బల్ల మీద సామాను పక్కకు జరిపి చోటు చేసింది.

టీచరమ్మ కూర్చుని చెప్పింది, పడకగదిలో నెట్టు రావడం లేదట, వంటింట్లో గ్యాసు బండ పక్కన నిలబడి పాఠాలు తయారుచేసుకుంటోందట. ఆవిడ మాట పూర్తి కాకముందే ఎదురింటాయన తువ్వాలు భుజాన వేసుకుని దిగాడు, ఆయనదీ ఆటో కట్టే. ఆయన వెనక ఒక ముసలావిడ, మనవరాలితో వీడియోలో మాట్లాడుతుంటే బొమ్మ నిలిచిపోతోందని. ఆవిడ వెనక ఇంకెవరో. ఎవరి చేతిలోనూ డబ్బు లేదు. అందరికీ ఏదో ఒకటి చెప్పుకోవాలని ఉంది. "మా ఇంట్లో అయితే..." "అది కాదక్కా, ముందు నాది విను..." ఒకరి మీద ఒకరు పడి మా నెట్టును తిట్టిపోస్తున్నారు. అన్నయ్య నిచ్చెనా పట్టకారూ పట్టుకుని ఒక్కో ఇంటికీ పరిగెడుతున్నాడు. ఇల్లు మారుతున్నానని చెప్పి బాల్కనీలో దొరికిపోయినాయన కూడా జనం వెనక నిలబడి, నన్ను చూసి చూడనట్టు తల గోక్కుంటూ, "ఆ పెట్టె... ఇంకా ఉందా అండీ?" అన్నాడు. ఉంది మహానుభావా, ఆఫీసులో నా కాళ్ళ కిందే ఉంది అన్నాను.

వదిన నవ్వుతోంది. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఒక చేత్తో ముసలావిడ చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో రాసుకుంటోంది.

అంతలో పైనుంచి గావుకేక. నాలుగో అంతస్తు పెద్దాయన, మెట్లు దిగలేడు, బాల్కనీ పిట్టగోడ మీదకు వంగి అరుస్తున్నాడు. "నెట్టక్కా! నీ నెట్టు నన్ను నెల నుంచీ ఏడిపిస్తోంది! వినపడుతోందా? దిక్కుమాలిన నెట్టు!"

వీధంతా తలలెత్తి చూసింది. వదిన మోకాలి సంగతి మరిచిపోయి లేచి నిలబడింది. "వినపడుతోంది బాబాయ్ గారూ! ఇంకా చెప్పండి!" అని అరిచింది. తిట్టించుకుని అంత సంతోషపడిన మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

మర్నాడు పొద్దున టైబాబు కాగితాలు, పెన్నూ పట్టుకుని వచ్చాడు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.

"అమ్మగారు లేరా?"

"లేదండీ. రెండో బిల్డింగు మెట్ల కింద ఉంది. పొద్దున్నే రమ్మని వాళ్ళే కబురు పెట్టారు."

"ఎప్పుడొస్తారు?"

"జనం వదిలితే వస్తుంది" అన్నాను. ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాక, నాలుగు మెట్లు ఆయన వెంట దిగి, పాపం పోనీలే అని, టీ తాగి వెళ్ళమని కూడా అన్నాను.